నాన్నగారి ఆరు పాఠాలు

2023 వేసవిలో ఇంటికి సున్నం వేయిస్తూ, నాన్నగారి పాత పెట్టెను అటక మీంచి దించాం. పంచాంగాల కింద రెండు వస్తువులు కనిపించాయి. ఒకటి రబ్బరు మీటల స్పెక్ట్రం కంప్యూటరు. రెండోది ఒక క్యాసెట్టు. దాని మీద నాన్నగారి చేతిరాతతో "అమ్మాయికి తెలుగు - 6 పాఠాలు" అని ఉంది.

ఆ కంప్యూటరు సంగతి కొంచెం చెప్పాలి. క్లైవ్ సింక్లెయిర్ గారి సంస్థ 1982లో దాన్ని ఇంగ్లండులో విడుదల చేసింది. జెడ్80 ప్రాసెసరు, 48 కిలోబైట్ల మెమరీ. తెరగా ఇంట్లో టీవీ, ప్రోగ్రాములు దాచుకోవడానికి మామూలు టేప్ రికార్డరు. 1985లో మా మామయ్య లండన్ నుంచి వస్తూ తెచ్చాడు. అప్పటికే మేం మూడు తరాలుగా మద్రాసువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. నాకు తెలుగు మాట వచ్చు గాని అక్షరం రాదు. డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే నాన్నగారికి అదే దిగులు.

స్పెక్ట్రంలో మనకు కావలసిన బొమ్మలు గీసుకోవడానికి 21 గడులు ఉంటాయి. ఒక్కో గడి అడ్డం 8 చుక్కలు, నిలువు 8 చుక్కలు. ఇంగ్లీషు అక్షరం అందులో హాయిగా ఒదుగుతుంది. మన 'ఘ', 'ఝ' ఒదుగుతాయా? అందుకని నాన్నగారు అక్షరానికి రెండు గడులిచ్చారు. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో చుక్కలు పెట్టి, పాఠానికి పది అక్షరాల లెక్కన తయారు చేశారు. మిగిలిన ఒక్క గడిలో చిలకను గీశారు. సరిగ్గా చెబితే చిలక వచ్చి వాలేది, తప్పు చెబితే ఎగిరిపోయేది. నేను అక్షరాలు నేర్చింది పలక మీద కాదు, ఆ టీవీ తెర మీద.

నాన్నగారు 1994లో పోయారు. "ఆయన అక్షరాలు ఇంకొక్కసారి చూడాలనుందే" అంది అమ్మ. ఆమెకు 79 ఏళ్ళు. నేను చదివింది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. సరేనన్నాను.

రిచీ స్ట్రీటుకు వెళ్ళి కెపాసిటర్లు తెచ్చి, ఎండిపోయినవి మార్చాను. మీటల కింది పొర చిట్లిపోతే అదీ మార్చాను. కంప్యూటరు లేచింది. కాని పాత టేప్ రికార్డరు బెల్టు కరిగి జిగురైపోయింది. తెలిసినవారి దగ్గర ఇంకొకటి అడిగి తెచ్చాను. ఆ క్యాసెట్టు వయసుకు దాన్ని పదిసార్లు తిప్పడం ప్రమాదం. ఒక్కసారి విని గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత టేపు బదులు తానే పలికే పరికరం ఒకటి కావాలి. దాన్ని ఆర్డువినో నానో అనే చిన్న మైక్రోకంట్రోలరు బోర్డుతో తయారు చేశాను.

టేపులో ఉండేది చెవికి కీచుమనే రొద. కాని అందులో ఛందస్సు ఉంది. సున్నా అంటే 244 మైక్రోసెకన్ల పల్సులు రెండు, ఒకటి అంటే 489 మైక్రోసెకన్ల పల్సులు రెండు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అన్నమాట! బోర్డు పని ఆ మాత్రలు కొలిచి మెమరీ కార్డులో రాసుకోవడం, తర్వాత అదే లయలో స్పెక్ట్రానికి వినిపించడం. బోర్డులో పనికి వాడుకునే మెమరీ 2 కిలోబైట్లే. పాఠం మొత్తం పట్టదు. అందుకని రెండు చెంబుల పద్ధతి పెట్టాను. ఒక చెంబు ఒంపుతుండగా రెండోది కార్డు నుంచి నిండాలి. నిండడం ఆలస్యమైతే లయ తప్పుతుంది, స్పెక్ట్రం "టేప్ లోడింగ్ ఎర్రర్" అని మొరాయిస్తుంది. కార్డు 3.3 వోల్టులది, బోర్డు 5 వోల్టులది. ఆ తేడా పట్టించుకోక మొదటి కార్డు నేనే కాల్చుకున్నాను.

అయిదు పాఠాలు చక్కగా వచ్చాయి. నాలుగోది రాలేదు. అందులోనే 'ట' నుంచి 'న' వరకు ఉన్నాయి. టేపు ఒకచోట గుంజుకుపోయి, ఒక గురువు లఘువుగా వినబడింది. ఎక్కడ?

అక్షరాల ముక్క చివర సరిచూసుకునే బైటు ఒకటి ఉంటుంది. ఎనిమిది నిలువు వరుసల్లో ఒక్కోదానిలో చుక్కలు సరి సంఖ్యా, బేసి సంఖ్యా అన్నది దానికి తెలుసు. ఎనిమిదో నిలువు వరుసలో తేడా ఉందని చెప్పింది. కాని అడ్డ వరుసలు 168. అందులో ఏదో చెప్పలేదు. రెండు రాత్రులు తల బద్దలు కొట్టుకున్నాను.

చివరికి చుక్కలన్నీ పెద్దగా కాగితం మీద అచ్చువేసి అమ్మకిచ్చాను. అమ్మ కళ్ళద్దాలు సవరించుకుని వేలుపెట్టి చదివింది. "ట, ఠ, డ, ఢ, ణ, త, ధ, ద, ధ... అమ్మాయ్, ఇందులో 'ధ' రెండుసార్లు వచ్చిందేమిటే? 'థ' ఏదీ?"

పొట్టలో చుక్క పోయింది! ఆ చుక్క ఉండవలసిన చోటు సరిగ్గా ఎడమ గడిలో ఎనిమిదో నిలువు వరుస. చుక్క పెట్టగానే లెక్క సరిపోయింది. నా డిప్లొమా చెప్పలేనిది అమ్మ అక్షరజ్ఞానం చెప్పింది.

ఆ సాయంత్రం మా అమ్మాయిని కూర్చోబెట్టాం. దానికి పదేళ్ళు. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. అచ్చం ఆనాటి నేనే. తెర అంచున ఎరుపు, లేతనీలం చారలు, ఆపైన పసుపు, నీలం చారలు పరుగెత్తాయి. "ఇంతసేపు చారలేనా అమ్మా?" అని విసుక్కుంది. ఆ తర్వాత 'అ' వచ్చింది. చిలక వాలింది. రాత్రి తొమ్మిదింటికి అన్నానికి రమ్మని బతిమాలుకోవలసి వచ్చింది.

మర్నాడు పొద్దున అమ్మ నన్ను పిలిచి, "గళ్ళ కాగితాలు తెచ్చిపెట్టు. మీ నాన్నగారు గుణింతాలు చెప్పకుండానే వెళ్ళిపోయారు" అంది.

ఇప్పుడు ఏడో పాఠం తయారవుతోంది. చుక్కలు పెట్టేది అమ్మ, మీటలు నొక్కేది మనవరాలు, నాది బోర్డు పని.

మీ ఇళ్ళలోనూ అటక మీద ఇలాంటి క్యాసెట్లు ఉండవచ్చు. కంప్యూటరువే కానక్కరలేదు. తాతయ్య పద్యం కావచ్చు, అమ్మమ్మ మంగళహారతి కావచ్చు. టేపు మనకోసం కాచుకుని ఉండదు. ఈ సెలవుల్లో దించి కాపీ చేసుకోండి. వింటున్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. ఎక్కడ చుక్క పోయిందో చెప్పగలిగేది వాళ్ళే.