తల్లులకు మ్రొక్కు కొయ్యముఖములు

ఆఫ్రికా ఖండమున నైజీరియా, బెనిన్ దేశములయందలి యోరుబా ప్రజలు గెలెడె యను ఉత్సవమును జరుపుదురు. తల్లులకు, అందును వృద్ధమాతలకు, ఊరిని కాపాడు శక్తియు, అలిగినచో చెరుచు శక్తియు కలవని వారి విశ్వాసము. అందుచే కోతలు ముగిసిన పిదపను, అనావృష్టియో అంటురోగమో కలిగినపుడును, పురుషులు వేషములు ధరించి, కొయ్యముఖములను తలపై నిలిపి, తల్లుల ప్రసన్నతకై మద్దెలమ్రోతకు నర్తింతురు.

ఆ కొయ్యముఖమున క్రిందిభాగము తరచుగా ప్రశాంతమైన స్త్రీవదనము. పైభాగమున పాములు, పక్షులు, సంతబేరములు, మోటారుబండ్లు సైతము చెక్కబడియుండును. పక్షి తల్లుల గూఢశక్తికి గుర్తు. పైన లోకమెంత కలత చెందినను క్రింది మొగము చలింపదు. ఓర్పే తల్లుల బలమని శిల్పి చెప్పక చెప్పినాడు.

2008లో యునెస్కో గెలెడెను మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చెను. దూరదేశముల ప్రదర్శనశాలలలో ఆ ముఖములు గాజుబీరువాలయందు నిలిచియున్నవి. అచ్చట కొయ్య కనబడును. నర్తకుని అడుగులు లేవు, దీవించు తల్లులు లేరు. వందనము మాత్రము ఊరినడుమనే జరుగును.