గడప దగ్గర నిలబడిన కాపరి



గురువారం మధ్యాహ్నాలు అయ్యగారు ఇంట్లో ఉండడం లేదేమిటని కొందరు అడిగారు. పక్క పట్టణంలోని నర్సింగ్ స్కూలు వారు వారానికొక గంట పాఠం చెప్పమని పిలిచారు. మందుల పాఠం కాదు. రోగి దగ్గర ఎలా కూర్చోవాలి, ఎలా మాట్లాడాలి, ఇంటివారిని ఎలా ఓదార్చాలి అనే పాఠం. సెమినరీలో డిప్లొమా చేసినప్పుడు ఇదంతా చదివాను కదా, తేలికే అనుకున్నాను.

మొదటి రోజు ఆదివారం ప్రసంగంలాగే మూడు అంశాలు రాసుకుని వెళ్లాను. ఎదుట ముప్పై మంది పిల్లలు. ఎక్కువ మంది కూలి, రైతు కుటుంబాల ఆడపిల్లలు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. రెండో అంశంలో ఉండగా వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, నిన్న వార్డులో ఒక తాత 'నేను బతుకుతానా అమ్మా' అని అడిగాడు. నాకేం చెప్పాలో తెలియలేదు. బీపీ మిషన్ తెస్తానని చెప్పి బయటికి వచ్చేశాను. మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లలేదు. అది తప్పా సార్?"

నా మూడు అంశాల్లో దీనికి జవాబు లేదు. నాకు గుర్తొచ్చింది మన ఊరి సంగతే.

పదకొండేళ్ల క్రితం మన సంఘంలో ఒక పెద్దమ్మకు నోటి క్యాన్సర్ వచ్చింది. పుండు వాసన గడప దాకా వచ్చేది. నేను పరామర్శకు వెళ్తే కోడలు మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి, కొంగుతో తుడిచి, "కూర్చోండి అయ్యగారూ" అంది. నేను కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి, కళ్లు మూసుకుని, గట్టిగా ప్రార్థన చేసి, ఇంకో ఇంటికి వెళ్లాలని చెప్పి వచ్చేశాను. కొన్ని వారాలకు ఆమె ప్రభువు సన్నిధికి చేరింది. భూస్థాపనలో నేను చెప్పిన వాక్యం బాగుందని అందరూ అన్నారు.

ఆ అమ్మాయి బీపీ మిషన్ వంకతో బయటికి వచ్చింది. నేను ప్రార్థన వంకతో వచ్చాను. ఈ మాట క్లాసులో ఒప్పుకున్నాను. అప్పటిదాకా నోట్సు రాసుకుంటున్న పిల్లలు పెన్నులు ఆపి నా వైపు చూశారు. నిజానికి పాఠం అప్పుడే మొదలైంది.

ఆ తాతకు ఏం చెప్పాలో కలిసి ఆలోచించాం. అబద్ధం చెప్పకూడదు. ఎన్నాళ్లు బతుకుతారో చెప్పడం డాక్టరు పని. కానీ పారిపోకుండా పక్కన కూర్చుని, "మీకేమనిపిస్తోంది తాతా? దేనికి భయంగా ఉంది?" అని అడగవచ్చు. ఆయన చెప్పింది వినవచ్చు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాతే డాక్టరు. నొప్పి ఒంట్లో మాత్రమే ఉండదని, మనసులో, కుటుంబంలో, ఆత్మలో కూడా ఉంటుందని ఆమె నేర్పింది. ఆ నొప్పులన్నీ బయటికి రావాలంటే ఎవరో ఒకరు కూర్చుని వినాలి.

రెండో వారం నేనే విద్యార్థినయ్యాను. మంచాన పడినవారికి పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకొకసారి పక్కకు ఎలా తిప్పాలో పిల్లలు చూపించారు. క్యాన్సర్ పుండుకు డాక్టరు రాసే మందు వాడితే వాసన చాలావరకు తగ్గించవచ్చని వాళ్ల టీచరమ్మ చెప్పినప్పుడు నా గుండె కలుక్కుమంది. ఆ రోజు నేను లోపలికి వెళ్లి ఉంటే, ఎవరినైనా అడిగి ఉంటే, పెద్దమ్మకు కొంతైనా ఊరట దొరికేదేమో.

మన విశ్వాసులు కొందరు, "అక్కడ సువార్త చెప్తున్నారా అయ్యగారూ?" అని అడిగారు. రోగి అడగనిదే ప్రార్థన చేయవద్దనే నేను పిల్లలకు చెప్తున్నాను. రోగికి దేని వల్ల ధైర్యం వస్తుందో అడగండి, మన నమ్మకాన్ని బలహీనుల మీద రుద్దకండి అంటున్నాను. లూకా 10వ అధ్యాయంలో గాయపడినవాణ్ణి యాజకుడూ చూశాడు, లేవీయుడూ చూశాడు, సమరయుడూ చూశాడు. దగ్గరికి వెళ్లింది మాత్రం సమరయుడే. నీ మతమేమిటని అతడు అడిగినట్టు అక్కడ లేదు. ఇన్నేళ్లు ఆ ఉపమానం చెప్పేటప్పుడు నన్ను నేను సమరయుడిగానే ఊహించుకున్నాను. నేను యాజకుణ్ణి.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కోడలి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆమె కంగారుపడి, "అదేంటయ్యగారూ, మీరు ప్రార్థన చేశారుగా, అత్తమ్మ సంతోషించింది" అంది. కాసేపాగి, "కూర్చుని ఉంటే ఇంకా సంతోషించేది" అంది. ఆ రోజు గంటసేపు కూర్చున్నాను.

ప్రియులారా, మన ఊళ్లో ఇప్పుడూ మంచాన ఉన్నవారున్నారు. వారికి సేవ చేస్తూ నెలల తరబడి సరిగా నిద్రలేని కోడళ్లు, కూతుళ్లు ఉన్నారు. ఈ వారం ఒక ఇంటికి వెళ్లండి. ముందు కూర్చోండి. "నువ్వు పడుకోమ్మా, రెండు గంటలు నేను చూసుకుంటాను" అనండి. ప్రార్థన ఆ తర్వాత చేయవచ్చు.

ఆ ముప్పై మంది పిల్లల కోసం, వారికి పాఠం చెప్తూ నేర్చుకుంటున్న నా కోసం ప్రార్థించండి.

ప్రభువు సేవలో,
మీ కాపరి