అడిగేవాడికి చెప్పేవాడు లోకువ

మిడ్ ఎగ్జామ్‌కి ముందు ఇంగ్లిష్ మేడమ్ రివిజన్ అంటూ బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత గీశారు. ఎడమ పక్క సిమిలీ, మెటఫర్, హైపర్బొలీ, అలిటరేషన్, అనాఫొరా. కుడి పక్క ఈథోస్, పేథోస్, లోగోస్, రెటారికల్ క్వశ్చన్, కౌంటర్ ఆర్గ్యుమెంట్. ఒక్కోటి రెండు మార్కులు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఇవెందుకని వెనక బెంచీ గొణిగింది. నాకైతే ఆ ఎడమ పక్క చూస్తుంటే పదో తరగతి తెలుగు గుర్తొచ్చింది.

అప్పుడు ఉపమాలంకారానికి నాలుగు భాగాలు బట్టీ పట్టాం: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ. ఇంగ్లిష్‌లో 'లైక్' గానీ 'యాజ్' గానీ కనిపిస్తే చాలు, సిమిలీ అని రాసేస్తాం. మనవాళ్లు మాత్రం నాలుగు ఫీల్డులున్న స్ట్రక్ట్ ఒకటి రాసి, అందులో ఒకటి నల్ అయితే దానికీ వేరే పేరు పెట్టారు. ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఇంటర్‌లో అందరిలాగే మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న నాకు ఇంతకు మించి అలంకారాలు రావు. అయినా ఎడమ పక్క ఉన్నవాటికి చాలావరకు తెలుగు పేర్లు దొరికాయి. రూపకం, అతిశయోక్తి, వృత్త్యనుప్రాస.

చిక్కంతా కుడి పక్కే. ఈథోస్, పేథోస్, లోగోస్ అరిస్టాటిల్ చెప్పిన మూడు. మాట్లాడే మనిషి మీద నమ్మకం, వినేవాళ్ల మనసు, మాటలోని తర్కం. మేడమ్ 1963లో మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగం చూపించారు. అందులో ఒకే మాటతో వరసగా వాక్యాలు మొదలవుతాయి, అది అనాఫొరా. "తెలుగులో ఇలాంటి ప్రసంగం ఎవరైనా చెప్పండి" అనగానే ఒకడు లేచి 'దాన వీర శూర కర్ణ' అన్నాడు. క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. "సరే, ఎందుకో చెప్పు" అన్నారు.

నిజానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు. 1977 సినిమా, మాటలు కొండవీటి వెంకటకవివి. ప్రతి ఫ్రెషర్స్ డేకీ ఎవడో ఒకడు అట్ట గద భుజాన వేసుకుని చెప్పేది అదే. కర్ణుడి కులం దగ్గర ఆచార్యులు అడ్డు చెప్తే, సుయోధనుడు సంజాయిషీ ఇవ్వడు. ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు. భీష్ముడి పుట్టుక ఏమిటి, ద్రోణుడి పుట్టుక ఏమిటి, వశిష్ఠుడి పుట్టుక ఏమిటి? ఏ పెద్దల గౌరవం చూసుకుని ఆ అభ్యంతరం నిలబడిందో, ఆ పెద్దల కథలనే సాక్ష్యంగా తెస్తాడు. అది లోగోస్. తల దించుకున్న కర్ణుడు పక్కనే ఉన్నాడు, అది పేథోస్. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని మన సామెత. రెటారికల్ క్వశ్చన్ ఎందుకు పనిచేస్తుందో మా మెటీరియల్ అర పేజీ రాసింది గానీ, ఈ మూడు మాటలంత బాగా చెప్పలేదు.

ఇదంతా పరీక్షతోనే మర్చిపోయేవాణ్ణి, మా చెల్లి ఫోన్ చేయకపోతే. పెదనాన్న కూతురు. బాపట్ల అగ్రికల్చర్ కాలేజీలో బీఎస్సీ సీటు వచ్చే ర్యాంకు తెచ్చుకుంది. పెదనాన్న వద్దన్నాడు. "పొలంలో పుట్టి పెరిగిన పిల్లకి వాళ్లు నేర్పే వ్యవసాయమేంటి? రోజూ పోయొచ్చే డిగ్రీ కాలేజీలో చేరమను" అన్నాడట. నన్ను చెప్పి చూడమంది.

నా దగ్గర లోగోస్ ఉంది. నాలుగేళ్ల కోర్సు, చివరి ఏడాది ఊళ్లకి పంపి రైతుల దగ్గర ఉంచుతారు, ఆ తర్వాత ఉద్యోగాలు. కానీ అదంతా పాయింట్లుగా వాట్సాప్‌లో పెడితే లాయర్ నోటీసులా ఉంటుంది. ఈథోస్ సంగతి ఇంకా కష్టం. ఇంగ్లిష్ వ్యాసంలో మన చదువూ అనుభవం ముందు చెప్పుకుంటే నమ్మకం పెరుగుతుందట. మా ఇంట్లో పంతొమ్మిదేళ్లవాడు అలా మొదలుపెడితే దాన్ని ఎదురు చెప్పడం అంటారు. మా ఇంటి ఈథోస్ మొత్తం నాయనమ్మ దగ్గర ఉంటుంది. అందుకని ముందు ఆమెకి ఫోన్ చేశా. నేను చెప్పినవాటిలో ఒక్కటే పట్టుకుంది. "ఊళ్లకి పంపుతారా? అయితే మన ఊరికీ రావచ్చన్నమాట."

ఆదివారం పెదనాన్న అన్నానికి కూర్చున్నప్పుడు నన్ను స్పీకర్‌లో పెట్టారు. నేను రెండు ముక్కలు చెప్పానో లేదో, "చదవేస్తే ఉన్న మతి పోయిందంట" అన్నాడు. సామెతతో పెద్ద ఇబ్బంది. సైటేషన్ అడగడానికి వీల్లేని రిఫరెన్స్ అది. నేను ఆగిపోయా. నాయనమ్మ అందుకుంది.

"పోయినేడు మిరపకి తెగులొస్తే ఎవర్నడిగావురా? మందుల కొట్టువాణ్ణి కాదూ? వాడేం చదివాడు? వాడిచ్చిన మందు పనిచేసిందా? ఆ డబ్బెవరిది?"

గొంతు కూడా పెంచలేదు. పెదనాన్న చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడని చెల్లి తర్వాత చెప్పింది. ఫోన్లో నాకు వినపడింది ఒకే మాట.

"చూద్దాం."

మా ఇంట్లో ఆ మాటకి అవునని కాదు, కాదనీ కాదు. కౌన్సెలింగ్‌కి ఇంకా పది రోజులుంది. చెల్లి మాత్రం సర్టిఫికెట్లన్నీ జిరాక్స్ తీయించి పెట్టుకుంది.