నది లేని నేలలో మట్టికట్ట

దోహా దాటి అల్ షమాల్ రోడ్డు మీద ఉత్తరానికి పోతున్నాం. జనవరి నెల, కిందటి రోజే వాన పడి వెలిసింది. కారు నడిపే తమ్ముడిది జగిత్యాల దగ్గర పల్లె. "జర్రంత వానకే గీడ రోడ్లు మునుగుతయ్ అన్నా" అన్నాడు. ఏడాది పొడుగునా కలిపి సగటున 80 మిల్లీమీటర్లు కురిసే దేశం. మన దగ్గర శ్రావణంలో గట్టి ముసురు పడితే ఒక్కరోజులో వచ్చే నీళ్లు. 2018 అక్టోబరు 20న మాత్రం ఏడాది వాన దాదాపు ఒక్కరోజే దిగి దోహాను ముంచింది.

ఖతర్‌లో ఏరు లేదు. సున్నపురాతి నేల, పైన పలచటి మట్టి. పడ్డ నీరు ఇంకేలోపే జారిపోతుంది. అయితే లోపలి రాయి కరిగి నేల కుంగినచోట వందలాది పల్లాలు ఏర్పడ్డాయి. వాటినే రౌదాలంటారు. చుట్టుపక్కల నీరు, ఒండ్రు అక్కడికే చేరతాయి. నీరు మెల్లగా భూమిలోకి దిగుతుంది. ఒండ్రు మీద రేగుజాతి చెట్లు, తుమ్మలు పెరుగుతాయి. మనిషి తవ్వని చెరువులివి.

ఉమ్ సలాల్ మొహమ్మద్‌లో బర్జాన్ బురుజుల కింద ఆగాం. 19వ శతాబ్దం చివర కట్టినవి, 16 మీటర్ల ఎత్తు. చూస్తే ఏ ఖజానాకో కాపలా అనిపిస్తుంది. నిజానికి అవి కాసింది వాననీరు చేరే పల్లాన్ని! ఇప్పుడు తాగేది శుద్ధిచేసిన సముద్రపు నీరు. దోహాలో కురిసిన వాననేమో ముసైమీర్ దగ్గర సొరంగంలోకి మళ్లించి, కడలి అడుగు నుంచి సుమారు 10 కిలోమీటర్ల అవతలికి పంపుతారు. నగరానికి అది తప్పదు గానీ, బురుజుల కింద నిలబడి తలుచుకుంటే మనసొప్పలేదు.

ఇంకా పైకి పోతే ఒక తోట అంచున కనిపించింది, మోకాలెత్తు మట్టికట్ట. మీది నుంచి వచ్చే వరదను మడుల మీద పడనీయకుండా పక్కనున్న పల్లంలోకి తిప్పుతోంది. రాతి కట్టుబడి లేదు, తూము లేదు, అలుగు అసలే లేదు. మట్టిని దిమ్మిస కొట్టిన జాడ కూడా లేదు.

"మా చెరువుకట్ట మీద ఎడ్లబండి పోతది. గిదేం కట్టనే?" అని తమ్ముడు నవ్వాడు.

తోట చూసే బంగ్లాదేశ్ మనిషి హిందీలో చెప్పాడు: పెద్ద వానకు ఎక్కడో ఒకచోట తెగుతుందట, మర్నాడు జేసీబీతో మళ్లీ మట్టి తోస్తారట.

"తెగిన కాడనే అలుగు పెట్టుకోరాదుర భయ్?" అన్నాడు తమ్ముడు. దాన్ని హిందీలో ఎట్లా చెప్పాలో తెలియక, కాలితో మట్టి మీద గీసి చూపించడం మొదలుపెట్టాడు.