మా ఆయన యాంప్లిఫయరూ, పక్కింటి అవ్వ చెవి మిషనూ

శంషాబాద్‌లో మేముండే గల్లీలో ఇళ్లన్నీ వంద, నూట యాభై గజాల్లో కట్టినవే. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక ఇక్కడ జాగా కనిపిస్తే చాలు, ఇల్లు లేచింది. మా వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి పోపు మా ముక్కుకి, మా పచ్చిపులుసు వాళ్ల ముక్కుకి. ఇలాంటి చోట ఒకరింట్లోకి కొత్త వస్తువు వచ్చిందంటే సగం పక్కింటికి కూడా వచ్చినట్టే లెక్క. పోయినేడాది మా ఇంటికి వచ్చింది మిక్సీ కాదు, ఫ్రిజ్ కాదు, హామ్ రేడియో యాంప్లిఫయర్!

హామ్ అంటే ఏమిటంటారా? డబ్బు కోసం కాకుండా, సరదా కొద్దీ వైర్‌లెస్ సెట్‌లో ఊళ్ల వాళ్లతో, దేశాల వాళ్లతో మాట్లాడుకునే మనుషులు. అల్లాటప్పా వ్యవహారం కాదండోయ్. కేంద్ర ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది, వీయూ అని మొదలయ్యే కాల్ సైన్ ఇస్తుంది. హైదరాబాద్‌లో సూరి గారు 1983లో స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పేరు ఈ లోకంలో అందరికీ తెలుసు. పెళ్లైన కొత్తలో మా ఆయన రాత్రిపూట "టక్కు టిక్కు" అని మోర్స్ కొడుతుంటే, మా అత్తగారు ఇంట్లో బల్లి పట్టిందనుకుని శాంతి చేయిద్దామన్నారు.

ఈ పిచ్చిని నేను ఎప్పుడూ వద్దనలేదు. కారణం భారతీ ప్రసాద్ గారు. 2004 డిసెంబరులో ఆవిడ హైదరాబాద్ సంస్థ తరఫున బృందాన్ని తీసుకుని, ప్రత్యేక అనుమతితో పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. అక్కడి నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడుతుండగానే 26వ తేదీ పొద్దున భూకంపం, వెనకాలే సునామీ. ఫోన్లు పోయాయి. ఆవిడ సరదా కబుర్లు ఆపేసి, అదే రేడియోతో అండమాన్‌కీ మిగతా దేశానికీ మధ్య కబుర్లు అందించడం మొదలుపెట్టారు. ఫలానా వాళ్లు క్షేమం అన్న ఒక్క మాట కోసం ఎన్ని ఇళ్లు కాచుకుని కూర్చుని ఉంటాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సంగతి తెలిశాక, డాబా మీద బట్టల తీగకి పైన ఇంకో తీగ వేలాడితే నాకేం నొప్పి?

గొడవంతా ఆ పెట్టెతోనే వచ్చింది. మా ఆయన రేడియో 100 వాట్లది. మన దేశంలో పై తరగతి లైసెన్సు ఉన్నవాళ్లు 400 వాట్ల దాకా పోవచ్చు. ఈయనకి నాలుగొందలు కావాలి! "నేను పిలుస్తుంటే ఎవ్వరూ పలకట్లేదే" అన్నది రోజూ పాట. సెకండ్ హ్యాండ్ యాంప్లిఫయర్ ఒకటి కొన్నారు. లోపల వెయ్యి వోల్టులకి పైనే, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుందని చెప్పేసరికి, ఆ గదికి నేను గడియ పెట్టించాను. పిల్లలున్న ఇల్లు.

పది రోజుల్లో ఫిర్యాదులు మొదలు. ఎదురింట్లో పూజగదిలో సుప్రభాతం మోగుతుంటే మధ్యలో బాతు అరిచినట్టు వస్తోందట. కింద కిరాయికున్న పిల్లలకి టీవీ వణుకుతోందట. మూల ఇంటాయన ఇంకో అడుగు ముందుకేసి, "మీవారి పెట్టెకి విమానాలు దారి తప్పుతయమ్మా" అన్నాడు. ఈ ఊళ్లో విమానం పేరెత్తితే అందరికీ ఒళ్లు జలదరిస్తుంది.

మా ఆయనేమో "నా తప్పేం లేదు, వాళ్ల వస్తువులే చవకవి" అంటారు. చవకవే కావచ్చు, వాళ్లు కొనుక్కున్నవి కదా! పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీలు తీసి నేనే రాయడం మొదలుపెట్టాను. ఏ ఇంట్లో, ఏ వస్తువు, ఎన్ని గంటలకి. ఈయన ఎవరితో ఎప్పుడు మాట్లాడారో రాసుకునే లాగ్ పుస్తకం ఉండనే ఉంది. రెండు వారాలయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. పూజగది బాతు మా ఆయనే, నిమిషంతో సహా సరిపోయింది. టీవీ వణుకు మాత్రం ఈయన ఆఫీసులో ఉన్నప్పుడు కూడా వచ్చింది. వాళ్లింట్లో కొత్త ఎల్‌ఈడీ బల్బు తీసేస్తే అది పోయింది.

ఆ బల్బు దగ్గరే నాకు ఒక సంగతి వెలిగింది. అలాంటి బల్బులు, ఇన్వర్టర్లు, ఫోన్ చార్జర్లు గల్లీ నిండా ఉన్నాయి. అవన్నీ కలిసి ఈయన రేడియోలో ఎప్పుడూ గుర్రుమని రొద. అంటే పిలిచినవాళ్లు పలుకుతూనే ఉండొచ్చు, ఈయనకే వినపడటం లేదు! యాంప్లిఫయర్ మన గొంతు పెంచుతుంది గానీ చెవి పెంచదు. తనకి వినపడక తనే గట్టిగా అరిచే పెద్దమనిషి మనందరి ఇళ్లలోనూ ఒకరుంటారు చూడండి, అచ్చం అదే. పైగా ఈయనే పుస్తకం తీసి లెక్క చూపించారు. వాట్లు నాలుగింతలు చేస్తే అవతలివాళ్ల రేడియోలో ముల్లు కదిలేది ఒక్క గీత. ఒక్క గీత కోసం నాలుగిళ్లతో తగువా?

విమానాల సంగతీ తేల్చుకోవాలనిపించింది. పైలట్లు మాట్లాడేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, ఈయన ఎక్కువగా మాట్లాడేది 7 మీద. చాలా దూరం. కానీ సరిగ్గా లేని యాంప్లిఫయర్ 7 తో పాటు దాని ఎక్కం కూడా చదువుతుందట, 14, 21, 28 అంటూ. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ లెక్కేశాను, ఏడు పదిహేడ్లు నూట పంతొమ్మిది. అంత పైకి పోయేసరికి బాగా బలహీనపడుతుందనీ, మధ్యలో ఫిల్టర్ ఉంటే పైవన్నీ అక్కడే ఆగిపోతాయనీ ఈయన చెప్పారు. "మరి మన ఫిల్టర్ బాగుందా?" అన్నాను. మరునాడు తెలిసిన మిత్రుడి దగ్గరికి పట్టుకెళ్లి చూపించుకొచ్చారు. బాగానే ఉంది. మూల ఇంటాయనకి ఆ మాట నేనే చెప్పి వచ్చాను.

పూజగది స్పీకర్ వైరుకి నల్లటి ఫెర్రైట్ రింగు తెచ్చి, వైరుని ఏడెనిమిది చుట్లు దాంట్లోంచి తిప్పారు. ఆ పొడుగు వైరే ఏరియల్‌లా పనిచేసి మా ఆయన గొంతుని లాక్కుంటోందట. బాతు పోయింది. ఇంకేం, అంతా సర్దుకుందనుకున్నాం.

నా పుస్తకంలో ఎక్కని ఫిర్యాదు ఒకటి మిగిలింది. పక్కింటి అవ్వకి డెబ్బై ఎనిమిదేళ్లు, చెవి మిషను పెట్టుకుంటుంది. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. కోడలు లోపలికి వెళ్లగానే నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, ఎవ్వలికి చెప్పకు. పొద్దుమీకితే నా చెవుల ఎవలో గునుస్తుండ్రు. ఏమంటున్రో సమజ్ గాదు. మా కొడుక్కి చెప్తే పిచ్చి లేసిందంటడు, దవాఖానకు తీస్కపోతడు."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నెల రోజులుగా ఆవిడ సాయంత్రమైతే మిషను తీసి పెట్టెలో పెట్టేస్తోందట. మనవరాలు స్కూల్ కబుర్లు చెప్పే వేళ అది. పిల్ల మాట్లాడుతుంటే ఊరికే తలూపుతోందట. కోడలేమో "అత్తమ్మకి ఈ మధ్య పరధ్యానం ఎక్కువైంది" అని నాతో ఎన్నిసార్లందో!

"అవ్వా, అది పిచ్చి కాదు, మా ఆయన" అన్నాను. ముందు నమ్మలేదు. అప్పటికప్పుడు ఈయన్ని పిలిచి మాట్లాడించాను. అవ్వ ఒక చేత్తో చెవి పట్టుకుని, రెండో చేత్తో నోరు మూసుకుని నవ్వింది. ఆ తర్వాత కళ్లు తుడుచుకుంది. నవ్వుకి వచ్చిన నీళ్లో, నెల రోజుల భయానికి వచ్చినవో నేను అడగలేదు.

చెవి మిషనుకి రింగులు చుట్టలేం కదా. దూరం ఒక్కటే మందు. మా ఏరియల్ ఇరవై మీటర్ల తీగ, చిన్న డాబా మీద మూల నుంచి మూలకి వంచి కట్టింది. అలాంటి తీగకి కొసల్లోనే వోల్టేజీ ఎక్కువట. ఒక కొస సరిగ్గా అవ్వ పడుకునే గది కిటికీ పక్కనే ఉంది. దాన్ని ఆ ఆదివారమే విప్పి వీధి వైపు తిప్పారు. వంద వాట్లకి అవ్వ చెవిలో ఏమీ లేదు. నాలుగొందలకి ఇంకా సన్నగా గునుపు ఉంది.

ఆ రాత్రి ఇంట్లో కొంచెం వాదన జరిగింది. "లైసెన్సు నాలుగొందలకి ఇచ్చారే" అన్నారు. "ఇచ్చినవాళ్లు అవ్వ గది పక్కన ఉండరు" అన్నాను. అమెరికాలో 1500 వాట్ల దాకా వాడతారని అన్నారు. అక్కడి ఇళ్ల మధ్య ఎంత జాగా ఉంటుందో మా చెల్లెలి ఫోటోల్లో నేనూ చూశాను. ఆయన కాసేపు అలిగారు. తర్వాత యాంప్లిఫయర్ని దుప్పట్లో చుట్టి, ఊళ్లో మామగారి పొలం దగ్గర బోరు గదిలో పెట్టి వచ్చారు. నెలకోసారి వెళ్లి, చుట్టూ జొన్నచేను తప్ప ఎవరూ లేనిచోట తనివితీరా అరిచి వస్తారు. అక్కడ రొద లేదుగా, అవతలివాళ్లు కూడా బ్రహ్మాండంగా వినిపిస్తున్నారట. ఆ మాట చెప్పినప్పుడు నేను ఏమీ అనలేదు, చారు వడ్డించాను.

ఇంట్లో వంద వాట్లే. అది కూడా అవ్వ పడుకున్నాకే మొదలుపెడతానని ఈయనంతట ఈయనే మాటిచ్చారు. తొమ్మిదింటికి మిషను తీసి పెట్టెలో పెట్టుకుంటూ, అవ్వ పిట్టగోడ మీంచి కేకేస్తుంది. "ఇగ మాట్లాడుకొమ్మను బిడ్డా నీ పెనిమిటిని!"