మిరజ్‌లో రెండో నంబరు, ఐదో నంబరు

తిరుపతి నుంచి కొల్హాపూర్ పోయే హరిప్రియ ఎక్స్‌ప్రెస్ కడపకు వచ్చేది రాత్రి పొద్దుపోయాకే. అందులో మహాలక్ష్మి దర్శనానికి పోయేవాళ్లే ఎక్కువ. గిటారు సంచీ భుజాన వేసుకుని ఎక్కిన నన్ను చూసి ఎదురు బెర్తు పెద్దాయన, "ఎక్కడ నాయనా కచేరీ?" అన్నాడు. కచేరీ కాదు, తీగలు కొనడానికి మిరజ్ పోతున్నానని చెప్పాను. "కడపలో తీగలు దొరకవా ఏంది?" అని ఆయన దుప్పటి ముసుగేసుకున్నాడు.

దొరుకుతాయి. నాకు కావలసినవే దొరకవు. ఈ గిటారు మా చిన్నాన్నది, పాతకాలపు కలకత్తా సరుకు. ఒళ్లు చిన్నది, పైపలక పలచన. ఇప్పుడు ఎక్కడ అడిగినా చేతిలో పెట్టేది కంచు తీగల 'లైట్' సెట్టు. అందులో మొదటి తీగ అంగుళంలో వెయ్యింట 12 వంతులు, ఆరోది 53. పేరుకు లైట్ గానీ, ఆరు తీగలూ శ్రుతి చేస్తే కలిసి లాగే బరువు 70 కిలోలు దాటుతుంది. మా ముసలి గిటారుకు అవి బిగిస్తే నెలల్లో తీగలను పట్టుకునే బ్రిడ్జి పైకి లేస్తుంది. అందుకని చిన్నాన్న ఎప్పుడూ 'సిల్క్ అండ్ స్టీల్' సెట్టే వాడేవాడు. వాటిలో పై రెండూ వట్టి ఉక్కు తీగలు. కింది నాలుగింటికి లోపల సన్నని ఉక్కు, దాని మీద పట్టుదారం, ఆపైన వెండిపూత పూసిన రాగి చుట్టు ఉంటాయి. బిగువు తక్కువ, గొంతు మెత్తన. ఆయన వాడిన సెట్టును తయారుచేసే కంపెనీ దాన్ని ఆపేసింది. కంపెనీ పేరెందుకులెండి, అమ్ముడుపోని సరుకు ఎవరైనా ఎన్నాళ్లు చేస్తారు? అందుకే ఈసారి వాద్యాలు చేసే మిరజ్‌కే బయల్దేరాను.

తెల్లారేసరికి బళ్లారి దాటాం. హుబ్బళ్ళిలో ఇడ్లీ, లోండా దగ్గర అడవి, బెళగావి తర్వాత చెరకు. కుడచి దాటాక రైలు కృష్ణ మీదుగా పోతుంది. శ్రీశైలం దగ్గర చూసే కృష్ణకూ దీనికీ పోలికే లేదు. ఇక్కడింకా ఊళ్ల మధ్య నెమ్మదిగా పారే ఏరు. పెద్దాయన కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకున్నాడు.

మిరజ్‌లో సితార్లు, తంబూరాలు చేసేవాళ్ల అంగళ్లు పక్కపక్కనే ఉంటాయి. వీళ్ల పూర్వీకులు కత్తులు, ఆయుధాలు చేసిన శికల్గార్లు. కత్తులకు గిరాకీ తగ్గాక, పంతొమ్మిదో శతాబ్దంలో, ఆ చేతులే వాద్యాలకు మళ్లాయి. 2024లో మిరజ్ సితార్‌కూ తంబూరాకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంగడి గుమ్మాల్లో పండరిపురం వైపు నుంచి వచ్చిన ఎండు సొరకాయలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఊరి దర్గా ఆవరణలోనే కిరానా ఘరానా గాయకుడు అబ్దుల్ కరీం ఖాన్ సమాధి. 1937లో పాండిచ్చేరి పోతూ దారిలో సింగపెరుమాళ్ కోయిల్ స్టేషన్‌లో కన్నుమూసిన ఆయనను ఇంత దూరం తెచ్చి ఇక్కడ ఖననం చేశారు. రైలు దిగి వచ్చినవాణ్ణి కదా, ఆ స్టేషను సంగతే మనసులో తిరిగింది.

నేను వెళ్లిన అంగట్లో తలనెరసిన చాచా తంబూరా బ్రిడ్జి అరగదీస్తున్నాడు. నా కడప ఉర్దూ విని నవ్వాడు గానీ, అర్థం కాకపోలేదు. నేను కంపెనీ పేరు చెప్పబోతే, "పేరెందుకు, నంబరు చెప్పు బేటా" అన్నాడు. చిన్నాన్న దాచిన పాత అట్ట తీసి చూపించాను. 0.011, 0.014, 0.023, 0.028, 0.038, 0.047 అని ఆరు అంకెలు. మొదటి రెంటి మీదా వేలు పెట్టి, "ఇది రెండో నంబరు, ఇది ఐదో నంబరు" అన్నాడు.

సితార్ తీగల లెక్క అది. ఒకటో నంబరు తీగ మందం వెయ్యింట 10 వంతులు. అక్కణ్ణుంచి ఐదు దాకా నంబరుకొక వంతు పెరుగుతుంది. సితార్‌లో రాగం పలికించే ప్రధాన తీగ, 'బాజ్ తార్', మామూలుగా మూడో నంబరు. అంటే గిటారు లైట్ సెట్టులోని మొదటి తీగా అదీ ఒకే మందం. ఉక్కు కూడా ఒక జాతిదే, పియానో తీగ. ఆయన పొట్లం మీద జర్మనీలోని రోస్లావ్ పేరుంది. ఇన్నేళ్లుగా గిటారు అంగళ్ల చుట్టూ తిరిగాను గానీ, వీణలవాళ్లనో సితార్లవాళ్లనో అడగాలని ఇంతకుముందు తోచలేదు.

ఒక్క చిక్కు. సితార్ తీగకు చివర ఇత్తడి పూస ఉండదు. గిటారు బ్రిడ్జి రంధ్రంలో తీగ ఆగేది ఆ పూస వల్లే. చాచా నా పాత తీగల పూసలు విప్పి, కొత్త ఉక్కుకు దూర్చి, పటకారుతో బిగుతుగా మెలిపెట్టాడు. కూలి పుచ్చుకోలేదు. తీగ చుట్టలకు మాత్రం డబ్బు తీసుకున్నాడు.

"మిగతా నాలుగూ?" అన్నాను. "చుట్టు తీగలు మేం చెయ్యం. వాటికి నంబరు నమ్మొద్దు, బరువు చూడు" అన్నాడు.

ఆ మాట విలువ మర్నాడు హుబ్బళ్ళిలో దిగి గిటార్ల అంగడికి పోయినప్పుడు తెలిసింది. కౌంటరు మీద కుర్రాడు రెండు పొట్లాలు పెట్టాడు. ఒకటి ఫాస్ఫర్ బ్రాంజ్ ఎక్స్‌ట్రా లైట్, రెండోది మరో కంపెనీ సిల్క్ అండ్ స్టీల్. రెంటిలోనూ ఆరో తీగ 47. వట్టి ఉక్కు తీగైతే మందం ఒకటే అయినప్పుడు, అదే పొడవులో అదే శ్రుతికి బిగువూ ఒకటే. 11కు బదులు 12 వేస్తే వర్గం లెక్కన 19 శాతం పెరుగుతుంది, అంతే. చుట్టు తీగలో అలా కాదు. పట్టు చోటు ఆక్రమిస్తుంది గానీ తూగదు. కనుక పట్టున్న 47 తేలిక, అదే శ్రుతికి తక్కువ లాగుతుంది. కొన్ని కంపెనీలు ఒక్కో తీగ బిగువును అట్ట మీదే అచ్చేస్తాయి. అందరూ వేస్తే నాలాంటివాళ్లకు రైలు ఛార్జీలు మిగిలేవి.

సిల్క్ సెట్టు తీసుకుని, కింది నాలుగూ అందులోవి, పై రెండూ మిరజ్‌వి అక్కడే వేశాను. ముందు అర స్వరం తగ్గించి శ్రుతి చేశాను. దాంతో బిగువు 11 శాతం తగ్గుతుంది. మొదటి మెట్టు మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే కాపో పెడితే స్వరం మళ్లీ మామూలే. బ్రిడ్జి వెనక గోరు దూర్చి చూశాను, కదలలేదు.

కుర్రాడి కన్ను చాచా ఇచ్చిన తీగ చుట్ట మీద పడింది. "అన్నా, నా గిటారు మొదటి తీగ తెగి వారమైంది. నాదీ 11నే. ఒక ముక్క ఇవ్వరా?" అన్నాడు. బారెడు కత్తిరించి ఇచ్చాను. పూస మాత్రం తెగిన తీగది విప్పుకోమన్నాను. పాతవి చెత్తబుట్టలో వేశానని వాడు బుట్ట బోర్లించి వెతకడం మొదలుపెట్టాడు.