పోయినవాళ్ళ పద్దు

హైదరాబాదు పేరుతో ఆడే వృత్తి క్రీడా జట్ల అభిమానిలో ఒక విచిత్ర లక్షణం కనిపిస్తుంది. తన జట్టులో ఇప్పుడున్న పదకొండు మంది పేర్లు చెప్పమంటే అతడు కాస్త తడుముకోవచ్చు గాని, తన జట్టు ఏ సంవత్సరం ఎవరిని వదులుకుందో, వాళ్ళు వెళ్ళినచోట ఎన్ని పరుగులు చేశారో, ఎన్ని కప్పులు ఎత్తారో మాత్రం పొల్లుపోకుండా అప్పజెప్పగలడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్న సామెత ఈ ధోరణికి చాలావరకు సరిపోతుంది. పూర్తిగా ఎందుకు సరిపోదంటే, ఇక్కడ పోయినవాళ్ళు నిక్షేపంగా బతికే ఉండి, మరుసటి వేసవిలో వేరే రంగు చొక్కా తొడుక్కుని ఉప్పల్ స్టేడియానికే వచ్చి, పాత జట్టు మీదే వికెట్లు తీసి పోతుంటారు.

ఈ రాకపోకల వెనుక ఒక యంత్రాంగం ఉంది. ఇండియన్ ప్రీమియర్ లీగ్‌లో ఒక నగరం లేదా రాష్ట్రం పేరుతో జట్టు నడుపుకునే హక్కును ఫ్రాంచైజీ అంటారు. ఆ హక్కు కొన్న సంస్థ, భారత క్రికెట్ బోర్డు నిర్ణయించిన మొత్తానికి లోబడి వేలంలో ఆటగాళ్ళను పాడుకుంటుంది. ఆ మొత్తానికే పర్సు అని పేరు. 2025 సీజన్‌కు అది 120 కోట్ల రూపాయలు. వేలానికి ముందే కొందరిని అట్టిపెట్టుకోవడం రిటెన్షన్, వేలంతో సంబంధం లేకుండా రెండు జట్లు సొమ్ముకో మరో ఆటగాడికో బదులుగా ఆటగాణ్ణి ఇచ్చిపుచ్చుకోవడం ట్రేడ్. ఈ మాటలు లీగ్ రాకముందు చాలావరకు వ్యాపార పేజీలకు పరిమితమైనవి; ఇప్పుడు వీటిని ఇరానీ చాయ్ తాగుతూ పదో తరగతి కుర్రవాడు కూడా అలవోకగా వాడుతున్నాడు. ఆటను చూసే కన్ను సగం లెక్కలు చూసే కన్నుగా మారిపోవడం ఈ లీగ్ సాధించిన అసలు మార్పు.

హైదరాబాదు పద్దులో తొలి పేజీ డెక్కన్ చార్జర్స్‌ది. 2008 వేలానికి ముందు వి.వి.ఎస్. లక్ష్మణ్‌కు ఐకాన్ ఆటగాడి హోదా దక్కవలసి ఉంది; ఐకాన్ అంటే సొంత నగరం జట్టుకే కేటాయించిన తార, అతడికి జట్టులో అందరికంటే ఎక్కువ ధర పలికిన ఆటగాడి మీద మరో 15 శాతం అదనంగా చెల్లించాలి. జట్టు పర్సు మిగలాలని లక్ష్మణ్ ఆ హోదా వద్దనుకున్నాడు. మిగిలిన పర్సుతో జట్టు ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు, ఆడమ్ గిల్‌క్రిస్ట్‌ను 7 లక్షల డాలర్లకు కొని, 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి, ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచింది. త్యాగానికి ఇంత చప్పటి ప్రతిఫలం క్రికెట్ చరిత్రలో అరుదు. మరుసటి ఏడు, ఎన్నికల కారణంగా లీగ్ దక్షిణాఫ్రికాకు తరలిపోతే, అదే జట్టు గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో జొహానెస్‌బర్గ్ ఫైనల్‌లో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచింది. హైదరాబాదు జట్టు హైదరాబాదులో ఒక్క మ్యాచ్ కూడా ఆడని సీజన్‌లోనే విజేత కావడాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయడానికి స్థానిక అభిమానికి ఇప్పటికీ మనసొప్పదు.

ఆ కప్పు గెలిచిన జట్టులో రోహిత్ శర్మ ఉన్నాడు. 2011లో పెద్ద వేలం వచ్చినప్పుడు ఒక్కో జట్టు నలుగురిని అట్టిపెట్టుకోవచ్చునన్న వెసులుబాటు ఉన్నా, డెక్కన్ చార్జర్స్ ఒక్కరినీ అట్టిపెట్టుకోలేదు. రోహిత్ 20 లక్షల డాలర్లకు ముంబైకి వెళ్ళి, 2013 నుంచి 2020 వరకు ఆ జట్టుకు సారథిగా ఐదు కప్పులు అందించాడు. పోయినవాళ్ళ పద్దులో ఇదే అన్నిటికంటే పెద్ద అంకె, అభిమాని ప్రతి సంభాషణనూ ఇక్కడి నుంచే మొదలుపెట్టడం సహజం. అయితే హైదరాబాదులోనే ఉండి ఉంటే రోహిత్‌కు సారథ్యం దక్కేదా, ఆ సారథ్యానికి వెన్నుదన్నుగా మలింగ, పొలార్డ్, బుమ్రా వంటివారు దొరికేవారా అన్న ప్రశ్న ఆ సంభాషణలో ఎన్నడూ రాదు. పైగా అట్టిపెట్టుకోవడానికి జట్టే మిగల్లేదు: 2012లో బోర్డు ఆ ఫ్రాంచైజీని రద్దు చేసింది, ఏటా 85.05 కోట్ల చొప్పున పాడి చెన్నైకి చెందిన సన్ టీవీ సంస్థ ఆ స్థానంలో సన్‌రైజర్స్‌ను నిలబెట్టింది.

సన్‌రైజర్స్ చిట్టా మరింత ఆసక్తికరం, ఎందుకంటే ఇందులో లాభాలు కూడా ఉన్నాయి, అభిమాని వాటిని నమోదు చేయడు. 2018 చివర్లో శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి, బదులుగా విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ అనే ముగ్గురిని తెచ్చుకున్నప్పుడు, ఒక తారకు ముగ్గురు అనామకులా అని ఈసడించినవారే ఎక్కువ. ధావన్ తరువాతి రెండు సీజన్లలో వెయ్యికి పైగా పరుగులు చేయడం, 2020లో ఢిల్లీ మొదటిసారి ఫైనల్ చేరడం ఆ ఈసడింపును నిజం చేసినట్టే కనిపించాయి. కాని ఆ ముగ్గురిలో పద్దెనిమిదేళ్ళవాడైన అభిషేక్ శర్మ 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141 పరుగులు చేసి, 246 పరుగుల లక్ష్యాన్ని చిన్నది చేశాడు. అప్పటికి ధావన్ ఆట నుంచే విరమించుకుని ఉన్నాడు. ట్రేడ్ మంచిదో చెడ్డదో తేలడానికి ఆరేళ్ళు పట్టిందన్నమాట. అభిమాని తీర్పుకు మాత్రం ఆరు నిమిషాలు చాలు.

రషీద్ ఖాన్ విషయంలో ఆ ఆరు నిమిషాల తీర్పే సరైనదని ఒప్పుకోక తప్పదు. 2017లో 4 కోట్లకు వచ్చిన ఈ అఫ్గాన్ స్పిన్నర్‌ను 2018లో రైట్ టు మ్యాచ్ ద్వారా, అంటే వేలంలో వేరేవారు పాడిన చివరి ధరనే తానిచ్చి పాత ఆటగాణ్ణి వెనక్కి తీసుకునే హక్కుతో, జట్టు 9 కోట్లకు నిలుపుకుంది. 2022కు ముందు అతడు బయటికి వెళ్ళి, 15 కోట్లకు గుజరాత్ టైటాన్స్‌లో చేరి, ఆ జట్టు తొలి సీజన్‌లోనే కప్పు గెలవడంలో భాగమయ్యాడు. సన్‌రైజర్స్ ఎనిమిదో స్థానంతో సరిపెట్టుకుంది. పదకొండు సీజన్లు సన్‌రైజర్స్ నారింజ రంగు చొక్కా తొడిగిన భువనేశ్వర్ కుమార్ 2025లో 10.75 కోట్లకు బెంగళూరు చేరాడు, ఆ ఏడాదే బెంగళూరు తన తొలి కప్పు గెలిచింది. అతడు ఉప్పల్‌లో ఉన్నంతకాలం కప్పు దక్కని జట్టుకు, అతడు వచ్చి చేరగానే యోగం పట్టడాన్ని క్రీడాశాస్త్రం వివరించలేదు. భువనేశ్వర్ వెళ్ళిన ఆ పెద్ద వేలంలోనే సన్‌రైజర్స్ 10 కోట్లు పెట్టి తెచ్చిన మహమ్మద్ షమీని ఏడాది తిరక్కుండానే లక్నోకు ట్రేడ్ చేశారు. ఈ పేరు పద్దులోకి ఎక్కుతుందో లేదో షమీ తీసే వికెట్లే చెప్పాలి.

స్థానికుల సంగతికి వస్తే విమర్శ కాస్త పదునెక్కుతుంది. లీగ్ తొలినాళ్ళలో ప్రతి జట్టులోనూ పరిసర ప్రాంతపు ఆటగాళ్ళు కొందరు ఉండాలన్న నిబంధన ఉండేది. తరువాత అది మాయమైంది. ఫలితంగా గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు మూడు కప్పులు ముంబైతో, మూడు కప్పులు చెన్నైతో గెలిచాడు గాని హైదరాబాదుతో ఒక్కటీ లేదు. హైదరాబాదు కుర్రవాడు తిలక్ వర్మ ముంబైలో ఎదిగాడు. మహమ్మద్ సిరాజ్‌ను 2017లో 2.6 కోట్లకు కొన్నది సన్‌రైజర్సే, ఏడాదికే వదిలేసిందీ సన్‌రైజర్సే. 2025 ఏప్రిల్ 6న గుజరాత్ తరఫున అదే ఉప్పల్‌లో 17 పరుగులకు నాలుగు వికెట్లు తీసి ఆ లెక్క సరిచేశాడు. విశాఖపట్నానికి చెందిన నితీశ్ కుమార్ రెడ్డిని 20 లక్షలకు తీసుకుని, ఎదిగాక 6 కోట్లకు అట్టిపెట్టుకోవడం ఒక్కటే ఈ వరుసలో మినహాయింపు. జట్టులో కనీసం ముగ్గురు తెలుగువారైనా ఉండాలని అడగడం ప్రాంతీయ దురభిమానం కాదు. టికెట్ కొనేవాడు అడగదగిన అతి చిన్న కోరిక.

ఈ జాడ్యం క్రికెట్‌కే పరిమితం కాదు. పుల్లెల గోపీచంద్ అకాడమీ పుణ్యాన దేశానికే బ్యాడ్మింటన్ రాజధానిగా పేరుపొందిన హైదరాబాదు, 2018 జనవరిలో ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ గెలిచింది స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మరీన్ బలంతో. ఆ సీజన్‌లో పి.వి. సింధు చెన్నై జట్టుకు ఆడింది. కబడ్డీలో కథ వేరు. కూతకు వెళ్ళిన రైడర్ పట్టుబడితే, తన జట్టు పాయింటు తెచ్చి బతికించేదాకా అతడు బయట కూర్చోవాలి కనుక, మిగిలిన ఆరుగురు బలహీనులైతే మహావీరుడు కూడా ప్రేక్షకుడే. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు, అప్పటికి వృత్తి కబడ్డీ లీగ్‌లోనే అత్యధిక ధరకు కొని, ఆ సీజన్‌ను అట్టడుగున ముగించింది. 2025లో అతడు లేకుండానే ప్లేఆఫ్స్‌కు చేరింది. పోయినవాడి వల్ల మేలు జరిగిన ఈ ఉదాహరణను పద్దులో రాసుకున్న అభిమాని ఎక్కడా తారసపడడు.

ఫుట్‌బాల్‌లో వేలం ఉండదు. ఒప్పందం నడుస్తున్న ఆటగాడి కోసం కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు చెల్లించే బదిలీ రుసుము ఉంటుంది, ఒప్పందం ముగిస్తే ఆటగాడు స్వేచ్ఛగా వెళ్ళిపోతాడు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఊరికి, దశాబ్దాల తరువాత 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ రూపంలో ఇండియన్ సూపర్ లీగ్ జట్టు వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తెచ్చింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ షూటౌట్‌లో మూడు బంతులు ఆపాడు. రెండేళ్ళలో ఆర్థిక ఇబ్బందులు కమ్ముకుని, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, 2023-24లో జట్టు ఆఖరి స్థానానికి దిగజారింది. ఎవరిని అమ్మారు, ఎవరిని ఉంచారు అని అభిమాని లెక్కలు వేస్తుండగానే, 2025లో క్లబ్బు యావత్తూ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. ఆ తరలింపుతో తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఇండియన్ సూపర్ లీగ్ జట్టు ఒక్కటీ లేకుండా పోయింది.